49-ఎ లో ఏముంది?

2024 మే 13, సోమవారం పోలింగ్. శనివారం పొద్దున్నే విశాఖలో కిరండూల్ పాసింజర్ ఎక్కాను. మా బ్యాచ్‌లో చాలామందికి లాగే నాకూ అదే మొదటి ఓటు. ఆ రైల్లో వెళ్లినవాళ్లకు తెలుసు, సొరంగంలోకి పోగానే సిగ్నల్ పోతుంది, బయటపడగానే ఆగిపోయిన మెసేజ్‌లన్నీ ఒక్కసారే కుప్పగా పడతాయి. బొర్రా దాటాక అలా పడినవాటిలో ఒకటి మా పెదనాన్న పంపింది. ఆయనకు చదివే అలవాటు తక్కువ, అందుకని ఎప్పుడూ వాయిస్ మెసేజ్‌లే ఫార్వర్డ్ చేస్తారు. ఎవరిదో మగగొంతు, టీవీలో వార్తలు చదివినట్టు చెబుతోంది. ఓటర్ల జాబితాలో పేరు లేకపోయినా ఆధార్ చూపించి, సెక్షన్ 49-ఎ కింద ‘ఛాలెంజ్ ఓటు’ అడిగితే ఇచ్చి తీరాలట. మన ఓటు ఇంకెవరో వేసేసి ఉంటే ‘టెండర్ ఓటు’ అడగాలట. ఒక బూత్‌లో టెండర్ ఓట్లు 14 శాతం దాటితే అక్కడ రీపోలింగ్ పెడతారట. అందరికీ పంపండి, అని చివర్లో.

నాకు అనుమానం వచ్చింది ఆ 14 దగ్గర. 10 కాదు, 15 కాదు, 14. ల్యాబ్ రికార్డులో రీడింగులు మరీ చక్కగా కుదిరితే మాస్టారు కళ్లజోడు పైకెత్తి చూస్తారే, అలాంటి అనుమానం. ‘పోన్లే, ఇంటికెళ్లాక చూద్దాం’ అనుకుని పాటలు పెట్టుకున్నాను.

ఇంటికి వెళ్లేసరికి ఆ మెసేజ్ తన పని తాను చేసేసింది. మా నానమ్మకు ఓటరు స్లిప్పు రాలేదు. ఇంట్లో మిగతా అందరికీ వచ్చింది. మా పెదనాన్న కొడుక్కి, అంటే మా అన్నయ్యకి కూడా రాలేదు. మామూలుగా అయితే ఎవరో ఒకరు వెళ్లి అడిగేవాళ్లు. ఈసారి ఎవరూ కదల్లేదు. “ఆధార్ ఉంది కదమ్మా, ఏదో సెక్షన్ ఉందంట, అడిగితే ఇస్తారంట” అన్నారు పెదనాన్న చాలా నిశ్చింతగా.

ఆ నిశ్చింతే అసలు ప్రమాదం అని ఇప్పుడు అనిపిస్తుంది. ఫలానా పార్టీ దొంగలు, ఫలానా నాయకుడు దేవుడు అని వచ్చే మెసేజ్‌ని మన పెద్దవాళ్లు కూడా కాస్త ఆలోచించే వింటారు, ఎవరు పంపారో చూస్తారు. కానీ ‘నీ హక్కు ఇది’ అని వచ్చే మెసేజ్‌ని ఎవరూ అనుమానించరు. అందులో పార్టీ లేదు, తిట్టు లేదు, డబ్బు అడగడం లేదు. పైగా సెక్షన్ నంబరు ఉంది!

పుస్తకం తీసి చూస్తే

పోలింగ్ కేంద్రంలో ఏం జరగాలో ప్రతి అడుగూ ‘ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961’లో రాసి ఉంటుంది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో పీడీఎఫ్ ఉచితంగా దొరుకుతుంది. హాస్టల్ వైఫైలో ఉన్నప్పుడే దింపుకోవాల్సింది. మా ఊరి వెనక మిట్ట మీద ఒక్క గీత సిగ్నల్‌తో అది దిగడానికి ముప్పావు గంట పట్టింది. ఐసీకి డేటాషీట్ చూడకుండా సప్లై ఇస్తే ఏమవుతుందో మనందరికీ అనుభవమే కదా, ఇదీ డేటాషీట్ లాంటిదే. భాష కొంచెం మొండిగా ఉంటుంది, అంతే.

49-ఎ లో ఏముందో తెలుసా? ఈవీఎం డిజైన్! ఓటింగ్ యంత్రానికి ఒక కంట్రోల్ యూనిట్, ఒక బ్యాలెటింగ్ యూనిట్ ఉండాలని చెప్పే నియమం అది. మన ఈసీఈ వాళ్లకు ఆసక్తిగా ఉండొచ్చు గానీ, జాబితాలో పేరు లేనివాళ్లకు దాంతో ఏ పనీ లేదు.

‘ఛాలెంజ్’ అనే మాట మాత్రం నిజంగానే ఉంది, కాకపోతే 49-జె లో. అదీ తలకిందులుగా. అక్కడ ఛాలెంజ్ చేసేది ఓటరు కాదు, పార్టీ పోలింగ్ ఏజెంటు. ఎవరైనా వచ్చి ‘నేను ఫలానా’ అన్నప్పుడు, ఏజెంటుకు అనుమానం వస్తే 2 రూపాయలు కట్టి, ‘ఈమె ఆమె కాదు’ అని అభ్యంతరం చెప్పొచ్చు. ప్రిసైడింగ్ ఆఫీసరు అక్కడికక్కడే విచారించి తేలుస్తారు. అంటే ఛాలెంజ్ అనేది మనకు ఓటు తెచ్చిపెట్టే మంత్రం కాదు, మన ఓటును ఆపడానికి ఎదుటివాళ్లకు ఉన్న దారి. అది కూడా జాబితాలో పేరున్నవాళ్ల విషయంలోనే. పేరే లేకపోతే విచారించడానికి కూడా ఏమీ ఉండదు.

టెండర్ ఓటు ఉంది. అది 49-పి. మనం వెళ్లేసరికి మన పేరు మీద ఎవరో ఓటేసి పోతే, ఆఫీసరు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పి మనమే అసలు మనిషని తేల్చుకుంటే ఓటు వేయనిస్తారు. కాకపోతే యంత్రం మీద కాదు, కాగితం బ్యాలెట్ మీద. దాన్ని విడిగా కవరులో పెట్టి సీలు వేస్తారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు. ఆ ఎన్నిక మీద ఎవరైనా కోర్టుకు వెళ్తే, అక్కడ అవసరమైతేనే దాని సంగతి వస్తుంది. అయినా సరే అడిగి వేయాల్సిందే, ఎందుకంటే మన పేరున దొంగ ఓటు పడిందనడానికి అది రికార్డు.

ఇక 14 శాతం. పుస్తకం మొత్తం వెతికాను, ఎక్కడా లేదు. రీపోలింగ్ గురించి ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 58, 58-ఎ సెక్షన్లు ఉన్నాయి. యంత్రాలు పాడైతే, ఎత్తుకుపోతే, బూత్ ఆక్రమిస్తే, అలాంటివాటికి. టెండర్ ఓట్లు ఇంత శాతం అన్న లెక్క వాటిలో లేనే లేదు.

మూడు మాటల్లో రెండు తప్పు, ఒకటి సగం నిజం. ఆ సగం నిజమే మిగతా రెండింటినీ భుజాన మోసుకుని తిరుగుతోంది. 2019 ఎన్నికల్లోనూ తిరిగిన మెసేజే ఇది. ఎన్నికల సంఘం కాదని చెప్పినా మళ్లీ 2024లో బయల్దేరింది.

గెడ్డ అవతలి బడి

అప్పుడు మిట్ట మీదే కూర్చుని ఓటర్ల పోర్టల్‌లో నానమ్మ పేరు కొట్టాను. రాలేదు. గుండె ఆగినంత పనైంది. కార్డు మీద ఉండే ఎపిక్ నంబరు కొడితే మాత్రం వచ్చింది. పేరులో ఒక అక్షరం తేడా ఉంది, అందుకే పేరుతో దొరకలేదు. (అందుకే పేరుతో వెతకొద్దు, నంబరుతో వెతకండి. కొండల్లో పేర్లు ఆదివాసీ ఒడియాలోనో కువిలోనో పలికేది ఒకటి, తెలుగులో రాసేది ఒకటి, ఇంగ్లీషులోకి ఎక్కేది ఇంకొకటి.) పోలింగ్ కేంద్రం మాత్రం మా ఊరి బడి కాదు. గెడ్డ అవతల ఇంకో ఊరి బడి. నాలుగు కిలోమీటర్ల పైమాటే, అందులో సగం దారి ఆటో పోదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మైదానంలో ఆ రోజు పోలింగ్ సాయంత్రం 6 దాకా. అరకు, పాడేరు, రంపచోడవరం నియోజకవర్గాల్లో భద్రత కారణంగా 4 గంటలకే ముగింపు. ఆ టైముకి లైన్లో ఉన్నవాళ్లందరికీ స్లిప్పులిచ్చి ఎంత ఆలస్యమైనా ఓటు వేయనిస్తారు, కానీ లైన్లోకి చేరడం అంటూ ఉండాలి కదా. మెసేజ్‌ని నమ్ముకుని నానమ్మని మా బడికే తీసుకెళ్లి, అక్కడ లైన్లో నిలబడి, ‘మీ పేరు ఇక్కడ లేదు’ అనిపించుకుని, వాదించి, అప్పుడు గెడ్డ దాటాలంటే ఆ వయసులో అయ్యే పని కాదు.

సోమవారం పొద్దున్న ఎండెక్కకముందే బయల్దేరాం. స్లిప్పు లేకపోయినా పర్వాలేదు, స్లిప్పు గుర్తింపు పత్రం కాదు, దారి చూపే చీటీ మాత్రమే. ఓటరు కార్డు లేకపోతే బదులుగా చూపగల పత్రాల పెద్ద జాబితా ఉంది. ఆధార్, ఫోటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్కు, అప్పట్లో ఉపాధి హామీ జాబ్‌కార్డు కూడా అందులో ఉన్నాయి. అయితే అవన్నీ ‘నేను నేనే’ అని నిరూపించడానికి మాత్రమే. జాబితాలో పేరు ఉండటం వేరు, మనిషిని గుర్తించడం వేరు. ఆ వాయిస్ మెసేజ్ చేసిన అసలు మోసం ఈ రెంటినీ ఒకటి చేసేయడమే.

నానమ్మ ఓటేసింది. వీవీప్యాట్ కిటికీలో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది, చూసుకో అని ముందే చెప్పాను. “చూశాన్లే, బొమ్మ పడింది” అంది. ఏ బొమ్మ అని నేను అడగలేదు.

అన్నయ్య పేరు మాత్రం ఏ రకంగా వెతికినా దొరకలేదు. జాబితాలో లేదు, అంతే. కొత్తగా చేర్చాలంటే ఫారం 6 పెట్టాలి. దానికి గడువు నామినేషన్ల చివరి తేదీకి పది రోజుల ముందుతో సరి. ఆ ఎన్నికకు అది ఏప్రిల్ 15. మేం వెతికింది మే 11న. అయినా మనసొప్పక ఆధార్ పట్టుకుని బూత్‌కి వెళ్లాడు. ‘సెక్షన్ 49-ఎ’ అన్నాడట. ప్రిసైడింగ్ ఆఫీసరు మర్యాదగానే కుదరదని పంపేశారు. ఆ మెసేజ్ కాస్త ముందు, మార్చిలో వచ్చి, అందులో ‘జాబితాలో పేరు చూసుకోండి’ అని ఒక్క ముక్క ఉండి ఉంటే వాడికి ఓటు ఉండేది.

రెండు పోస్టర్లు, రెండూ నిజమే

మెసేజ్‌లో అబద్ధం ఉంటే పట్టుకోవడం తేలికే. అబద్ధం లేని ప్రచారాన్ని పరీక్షించడం కష్టం. మా మన్యంలో దీనికి బాక్సైట్ కంటే మంచి ఉదాహరణ లేదు.

ఎన్నికలొస్తే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ‘బాక్సైట్ జీవో ఇచ్చింది తెలుగుదేశం వాళ్లు’ అని ఒకరు. ‘బాక్సైట్ ఒప్పందం చేసింది వైఎస్ హయాంలో’ అని ఇంకొకరు. తేదీలు పెట్టి చూడండి. చింతపల్లి అటవీ ప్రాంతంలో 1,212 హెక్టార్లను బాక్సైట్ తవ్వకాలకు మళ్లించే జీవో 97 వచ్చింది 2015 నవంబర్ 5న. అప్పుడున్నది చంద్రబాబు ప్రభుత్వం. మొదటి మాట నిజం. రస్ అల్ ఖైమా వాళ్లతో అల్యూమినా ఫ్యాక్టరీకి, దానికి కావాల్సిన బాక్సైట్‌కి ఒప్పందం కుదిరింది 2007లో. అప్పుడున్నది రాజశేఖరరెడ్డి ప్రభుత్వం. రెండో మాటా నిజం. కాకపోతే అది కాంగ్రెస్ ప్రభుత్వం, వైఎస్సార్ కాంగ్రెస్ పార్టీ అప్పటికి పుట్టనే లేదు. జీవో 97ని గొడవలయ్యాక తెలుగుదేశం ప్రభుత్వమే పక్కన పెట్టింది. 2019లో జగన్ ప్రభుత్వం రద్దు చేసింది. ఎవరికి వారు తమకు కావాల్సిన తేదీ దగ్గర కథ మొదలుపెట్టి, కావాల్సిన తేదీ దగ్గర ఆపేస్తారు. ‘దీనికి ముందేం జరిగింది, తర్వాతేం జరిగింది’ అని రెండు ప్రశ్నలు వేసుకుంటే చాలు, పోస్టర్ పలచబడుతుంది.

ఆ జీవో ప్రైవేటు కంపెనీ పేరున కాకుండా ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ పేరున ఎందుకొచ్చిందో కూడా గమనించాలి. 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇచ్చిన సమత తీర్పు వల్ల. అనంతగిరి మండలంలో, మన బొర్రా చుట్టుపక్కల, ప్రైవేటు వాళ్లకిచ్చిన గని లీజుల మీద మొదలైన కేసు అది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని తేల్చింది. విస్టాడోమ్ కోచ్‌లో వెళ్తూ బొర్రా స్టేషన్లో సెల్ఫీ దిగే మనవాళ్లలో ఎంతమందికి తెలుసో, దేశమంతా పేరు చెప్పుకునే తీర్పు అక్కడి గుట్టల్లోంచి వచ్చిందని.

జీవోలు ఎక్కడ చూడాలి అంటారా? ఇక్కడ ప్రభుత్వాల మీద నాకు కోపమే ఉంది. 2021 ఆగస్టులో జీవోలను ఆన్‌లైన్‌లో అందరికీ కనిపించేలా పెట్టే పద్ధతి ఆపేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పెట్టడం మొదలైంది. దొరకకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. జవాబుకి 30 రోజుల గడువు ఉంటుంది కాబట్టి, పోలింగ్‌కి వారం ముందు గుర్తొస్తే లాభం లేదు.

హామీకి రూటు ఉందా?

జరిగినదాన్ని కాగితంతో పోల్చొచ్చు. జరగబోయేదాన్ని, అంటే హామీని, దేనితో పోల్చాలి? జీవో 3 సంగతే తీసుకోండి. 2000 జనవరి 10న వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే. మా కొండల్లో డీఎస్సీ రాసినవాళ్లకు అది ఉద్యోగం, ఇల్లు, పెళ్లి అన్నీ. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. వంద శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధం అంది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను మాత్రం కాపాడింది.

ఇప్పుడు ఎవరైనా మైకు పట్టుకుని ‘మేమొస్తే మొదటి సంతకం జీవో 3 మీదే’ అన్నారనుకోండి. ఆ మనిషి మంచివాడా కాదా అన్నది కాదు ప్రశ్న. అదే జీవోని అదే రూపంలో సంతకంతో తేగలరా? రాజ్యాంగ ధర్మాసనం కొట్టేసినదాన్ని మళ్లీ అలాగే తెస్తే కోర్టులో ఎన్నాళ్లు నిలబడుతుంది? కాబట్టి అడగాల్సింది: వంద శాతం కాకపోతే ఎంత శాతం? ఏ రూపంలో? చట్టమా, రెగ్యులేషనా? ఈ మూడింటికి జవాబున్న హామీ ఒక రకం, లేనిది ఇంకో రకం. మా అక్క వరసయ్యే ఒకావిడ బీఈడీ చేసి ఎదురుచూస్తోంది. ఆమె ఓటు ఈ ఒక్క మాట మీదే పడుతుంది. ఆమెతో ‘సంతకం పెడితే అయిపోతుంది’ అని చెప్పడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది, ఏ పార్టీ చెప్పినా.

1/70 గురించి కూడా ఇలాగే. 2025 ఫిబ్రవరిలో మన్యం బంద్ జరిగింది గుర్తుందా? పర్యాటకం కోసం 1/70లో మార్పులు చేయాలన్నట్టు అసెంబ్లీ స్పీకర్ చేసిన వ్యాఖ్య దానికి కారణం. తర్వాత ముఖ్యమంత్రి ఆ చట్టాన్ని కదపబోమని ప్రకటించారు. ఆ రోజుల్లో గ్రూపుల్లో మాత్రం ‘రద్దు చేసేశారు’ అనే తిరిగింది. వ్యాఖ్య వేరు, రద్దు వేరు. అయిదో షెడ్యూలు ప్రకారం అలాంటి రెగ్యులేషన్ గవర్నర్ ద్వారా, గిరిజన సలహా మండలిని సంప్రదించాక, రాష్ట్రపతి ఆమోదంతో రావాలి. సలహా మండలి కూర్చుందా, ఎజెండాలో ఉందా అని అడిగితే విషయం ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. అలాగని బంద్ చేసినవాళ్లు తొందరపడ్డారని నేననను. మాట దగ్గరే అడ్డుకోకపోతే కాగితం దాకా వస్తుందన్న భయం వాళ్లకు ఊరికే రాలేదు.

అభ్యర్థి రాసిచ్చిన కాగితం

పోటీ చేసే ప్రతి ఒక్కరూ ఫారం 26 అనే అఫిడవిట్ ఇవ్వాలి. కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు, అయిదేళ్ల ఆదాయం. ఇది ఎవరో దయతో ఇచ్చింది కాదు. ఏడీఆర్ అనే సంస్థ కోర్టుకెక్కితే 2002 మే 2న సుప్రీంకోర్టు ఓటరుకు తెలుసుకునే హక్కు ఉందని చెప్పడంతో వచ్చింది. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో, ‘నో యువర్ క్యాండిడేట్’ యాప్‌లో దొరుకుతుంది.

దీన్ని చదివేటప్పుడు మనం చేసే తప్పు ఒకటుంది. 2019లో అరకు ఎంపీగా గెలిచిన గొడ్డేటి మాధవి తన అఫిడవిట్‌లో చూపిన ఆస్తి లక్షా 41 వేల రూపాయల చిల్లర. ఆ ఏడాది గెలిచిన ఎంపీలందరిలో అతి తక్కువ అని ఏడీఆర్ లెక్క. పేపర్లన్నీ రాశాయి, మేమూ గొప్పగా చెప్పుకున్నాం. కానీ ఆస్తి తక్కువైతే పని ఎక్కువ చేస్తారనీ కాదు, ఎక్కువైతే చేయరనీ కాదు. అఫిడవిట్ అసలు ఉపయోగం పోల్చడంలో ఉంది: ఒకే మనిషి ఒక ఎన్నికకు, ఇంకో ఎన్నికకు ఇచ్చిన రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకోవడం. కేసుల కాలమ్‌లో కూడా ధర్నాలో కూర్చున్నందుకు పెట్టిన కేసు, మోసం కేసు ఒకే పట్టికలో పక్కపక్కనే ఉంటాయి. సంఖ్య చూసి వదిలేయకుండా సెక్షన్ చదవాలి.

పని సంగతి తెలియాలంటే లోక్‌సభ వెబ్‌సైట్‌లోనూ, పీఆర్ఎస్ సైట్‌లోనూ ఎంపీ హాజరు, అడిగిన ప్రశ్నలు ఉంటాయి. ఎన్ని అడిగారన్నదాని కంటే ఏం అడిగారో చదవడం బాగుంటుంది. అరకు లోక్‌సభ స్థానం పాలకొండ నుంచి రంపచోడవరం దాకా ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు. అందులో మన వైపు గురించి ఎన్ని ప్రశ్నలు వచ్చాయో చూస్తే ఒక్కోసారి సంతోషం, ఒక్కోసారి నిట్టూర్పు.

పాత ఫోటోకి కొత్త కథ అంటించే మెసేజ్‌ల గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, గూగుల్ లెన్స్‌లో పెడితే చాలావరకు తేలిపోతుంది. రోడ్డు వేశాం అని ఫ్లెక్సీ పడితే మాత్రం లెన్స్ అక్కర్లేదు. ఆ రోడ్డు మీద నడిస్తే సరి. ఇంకా డోలీ మోస్తున్న ఊరికి రోడ్డు ఉందని చెప్పేవాళ్లను మా పెదనాన్న కూడా నమ్మరు.

నోటా లెక్క

చివరిగా, మా నియోజకవర్గం దేశమంతటా వార్తల్లోకి ఎక్కే విషయం. 2019లో అరకు లోక్‌సభ స్థానంలో నోటాకు దాదాపు 48 వేల ఓట్లు పడ్డాయి. 2024లో 50 వేలు దాటాయి. ఆ ఎన్నికలో గుమ్మ తనూజారాణికి వచ్చిన మెజారిటీ కూడా 50 వేల పైచిలుకే. ‘కొండల్లో నిరసన’ అని చాలామంది రాశారు. ఉండొచ్చు. గుర్తుల విషయంలో అయోమయమూ ఉండొచ్చు. పొత్తుల వల్ల ఒక కూటమికే పాడేరులో ఎంపీ యంత్రం మీద కమలం, ఎమ్మెల్యే యంత్రం మీద సైకిల్. పైగా నోటా ఎప్పుడూ వరసలో ఆఖరి బటన్. ఎవరి మనసులో ఏముందో యంత్రం చెప్పదు కాబట్టి, ఆ 50 వేలనూ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు.

నాకు తెలిసిందల్లా మా ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు ఎందుకు నోటా నొక్కారో. ‘నోటాకు ఎక్కువ వస్తే ఎన్నిక రద్దయి కొత్త అభ్యర్థులతో మళ్లీ పెడతారు’ అని వాళ్లకు ఎవరో చెప్పారు. అది ఎంపీ, ఎమ్మెల్యే ఎన్నికలకు వర్తించదు. నోటాకు ఎన్ని వచ్చినా, అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లే గెలిచినట్టు. ఆ పుకారు కూడా పూర్తిగా గాల్లోంచి రాలేదు. మహారాష్ట్ర, హర్యానా రాష్ట్రాల ఎన్నికల సంఘాలు 2018లో స్థానిక ఎన్నికలకు అలాంటి నిబంధన పెట్టాయి. అక్కడిది ఇక్కడికి కొట్టుకొచ్చింది. తెలిసి నోటా నొక్కడం ఒక మాట చెప్పడం. రద్దవుతుందనుకుని నొక్కడం వేరే సంగతి. వాళ్లిద్దరికీ ఈ విషయం చెప్పినప్పుడు ఒకడు నవ్వేశాడు, రెండోవాడు చాలాసేపు మాట్లాడలేదు.

పంచాయతీ ఎన్నికలకు వచ్చేసరికి ఇదంతా ఇంకాస్త దగ్గరవుతుంది. వాటిని నిర్వహించేది కేంద్ర ఎన్నికల సంఘం కాదు, రాష్ట్ర ఎన్నికల సంఘం. సర్పంచ్ ఎన్నికలో పార్టీ గుర్తులుండవు కాబట్టి గుర్తు చూసి గుద్దేయడం కుదరదు, మనిషిని చూడాల్సిందే. ఓటరు జాబితా వార్డుల వారీగా విడిపోతుంది, అక్కడ మళ్లీ పేరు ఎక్కడ పడిందో చూసుకోవాలి. హాస్టల్లో ఉన్నవాళ్లు సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఇంట్లో అందరి ఎపిక్ నంబర్లూ ఒక కాగితం మీద రాసి తెచ్చుకుంటే, ఇక్కడి వైఫైలో పది నిమిషాల పని. 1950కి ఫోన్ చేసినా చెబుతారు. నానమ్మ పేరులో అక్షరం సరిచేయడానికి, మా ఊరి బడికి మార్పించడానికి ఫారం 8 పెట్టాం. అన్నయ్యకి ఫారం 6 పెట్టాం. అన్నయ్య కార్డు వచ్చింది. నానమ్మది పేరు సరిగ్గానే మారింది, బూత్ మాత్రం ఇంకా గెడ్డ అవతలే చూపిస్తోంది. మళ్లీ పెట్టాలి.

పెదనాన్న ఇప్పటికీ వాయిస్ మెసేజ్‌లు పంపుతూనే ఉన్నారు. తేడా ఏంటంటే ఇప్పుడు గ్రూపులో కాకుండా ముందు నాకు పంపి, కింద ‘చూడమ్మా’ అని ఇంకో వాయిస్ పెడతారు. నిన్న వచ్చినది మా మండలంలో భూముల గురించి. రెండు గంటలు వెతికాను, దాని వెనక ఉన్న కాగితం దొరకలేదు. ‘ఇంకా తెలీలేదు పెదనాన్నా, ఎవరికీ పంపకు, శనివారం వచ్చాక ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్దాం’ అని పెట్టాను.